శాంతి పురస్కారాల జాబితా నుంచి చదువరుల బృందానికి పుస్తకం ఎంచుకోవడం

విజయవాడలో చదువరుల బృందం నడిపేవారు శాంతికీ పరస్పర అవగాహనకూ దోహదపడే పుస్తకాన్ని ఎంచుకోదలిస్తే, ముందుగా ఆ పురస్కారం దేనికి ఇస్తారో చూడాలి. 1950లో మొదలైన జర్మన్ పుస్తక వాణిజ్య శాంతి బహుమతి సాధారణంగా వ్యక్తికి దక్కేదే తప్ప ఒక గ్రంథానికి కాదు. కాబట్టి ఆ వ్యక్తి రచనల్లో ఏది తీసుకోవాలో మీరే తేల్చుకోవాలి. బోస్నియా యుద్ధాన్ని ముగించిన 1995 నాటి ఒప్పందం కుదిరిన అమెరికా నగరం డేటన్ పేరిట 2006 నుంచి ఇస్తున్న సాహిత్య శాంతి బహుమతి తీరు వేరు: కల్పనా సాహిత్యానికొకటి, కల్పనేతర రచనకొకటి చొప్పున ప్రధాన బహుమతులు పుస్తకాలకే ఇస్తారు, ఆంగ్లంలోకి అనువాదమైనవి కూడా అర్హమే. నా మట్టుకు, కొత్తవారికి ఈ జాబితాయే అనుకూలం. బృందంలో పిల్లలుంటే 1953లో మొదలైన జేన్ ఆడమ్స్ బాలసాహిత్య పురస్కారం చూడండి.

విజేతతో ఆగిపోకుండా తుది జాబితానూ పరిశీలించి, తెలుగు అనువాదం ఉందేమో ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లోనో, సాధారణంగా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలోనో విచారించండి. లేకపోతే ఆంగ్లం బాగా వచ్చినవారు ఒక్క అధ్యాయాన్ని ముందే చదివి, సమావేశంలో తెలుగులో వివరించవచ్చు. మొత్తం పుస్తకం పెట్టుకుంటే సగంమంది చదవకుండానే వస్తారు.