తీసేసిన కోచ్‌ను మళ్లీ పిలవాలా? కాగితం మీద తేల్చుకునే పద్ధతి

ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఓడిన మర్నాడు హనుమకొండ నెహ్రూ స్టేడియం దగ్గరైనా, గోదావరిఖని గ్రౌండ్‌లోనైనా ఒకటే మాట: "పాతాయనే నయముండె, మళ్ల ఆయన్నే తేవాలె." ఆ మాట కోపంలో వచ్చిందా, లెక్క చూసుకుని వచ్చిందా తేల్చడానికి ఒక పూట టైమ్, ఒక పెద్ద తెల్ల కాగితం, నెట్ ఉన్న ఫోన్ చాలు. ఈ పద్ధతి జాతీయ టీమ్ కోచ్ మీద వాదనకు పనికొస్తుంది. కొంచెం కుదిస్తే జిల్లా క్లబ్ కమిటీకీ పనికొస్తుంది. ఉదాహరణకు ఇండియా పాత కోచ్ ఇగోర్ స్టిమాక్‌నే తీసుకుందాం. 2019 మేలో వచ్చాడు, 2024 జూన్‌లో పీకేశారు.

మొదట చూడాల్సింది: ఎట్లా పోయాడు

"తీసేసిన్రు" అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. కాంట్రాక్ట్ మధ్యలో పీకేయడం ఒకటి, తానే రాజీనామా చేయడం ఒకటి, ఇద్దరూ మాట్లాడుకుని విడిపోవడం ఒకటి, గడువు ముగిసి వెళ్లిపోవడం ఒకటి. కాగితం పైన మొదటి లైన్‌లో ఇది రాయండి. దీన్నిబట్టే తర్వాతి లెక్క మారుతుంది.

స్టిమాక్‌కు ముందు ఇండియా కోచ్‌గా ఉన్న స్టీఫెన్ కాన్‌స్టంటైన్‌ను ఎవరూ పీకలేదు. 2019 జనవరి 14న షార్జాలో బహ్రెయిన్ మీద 90 నిమిషాలు దాటాక పెనాల్టీతో 0-1గా ఓడి ఆసియా కప్ నుంచి బయటపడగానే ఆయనే తప్పుకున్నాడు. పైగా అది ఆయన రెండో విడత. 2002 నుంచి 2005 దాకా ఒకసారి చేసి, 2015లో మళ్లీ వచ్చాడు. వచ్చినప్పుడు ఇండియా ర్యాంకు 170 దాటి ఉంది, 2017లో 96కు చేరింది. 2019 ఆసియా కప్‌కు క్వాలిఫై అయింది. అంటే మన దేశంలోనే రెండో ఛాన్స్ ఫలించిన దాఖలా ఉంది. 2025 జూలైలో మూడోసారి కూడా చివరి ముగ్గురి లిస్టులో ఆయన పేరుంది. ఉద్యోగం మాత్రం ఖాలిద్ జమీల్‌కు పోయింది.

స్టిమాక్ సంగతి వేరు. 2026 జూన్ దాకా కాంట్రాక్ట్ ఉండగానే పీకేశారు, చివరికి టీమ్‌ను నడిపే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ 4 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకుంది. అంత కట్టి పంపినాయనను మళ్లీ పిలవాలంటే ఆట లెక్క ఎంతో బలంగా ఉండాలి.

మ్యాచ్‌ల పట్టీ

కాగితాన్ని అడ్డంగా పెట్టి ఎనిమిది నిలువు గళ్లు గీయండి: తేదీ, ప్రత్యర్థి, సొంతగడ్డా బయటా, ఆ రోజుకు రెండు టీమ్‌ల ఫిఫా ర్యాంకులు, స్కోరు, ముందు దొరికిన క్యాంపు రోజులు, లేని ముఖ్య ఆటగాళ్లు, 70వ నిమిషం తర్వాత తిన్న గోల్స్. చివరి 20 పోటీ మ్యాచ్‌లు చాలు. ఫ్రెండ్లీలను ఇందులో కలపొద్దు, వెనకవైపు రాసుకోండి. ఫ్రెండ్లీలో కోచ్ కొత్తవాళ్లను ఆడించి చూస్తాడు కాబట్టి ఆ స్కోరుతో ఆయన్ను తూచడం అన్యాయం.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఈరోజు ర్యాంకు రాయడం. ఫిఫా సైట్‌లో పాత తేదీల ర్యాంకులు కూడా దొరుకుతాయి, మ్యాచ్ నాటి ర్యాంకే వేయాలి. ప్రత్యర్థి మనకన్నా 30 స్థానాలకు మించి పైన ఉంటే ఎర్ర పెన్ను, 30 లోపు తేడా అయితే నీలం, 30కి మించి కింద ఉంటే పచ్చ. ఎర్ర వరుసలో ఓడితే నేరం కాదు. కోచ్ అసలు సత్తా నీలంలో తెలుస్తుంది. పచ్చలో ఓడితే జవాబు చెప్పి తీరాలి.

2024 జనవరిలో ఖతర్ ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా మీద 0-2, ఉజ్బెకిస్తాన్ మీద 0-3, సిరియా మీద 0-1. ఒక్క గోల్ లేదు, ఒక్క పాయింట్ లేదు. చూడటానికి ఘోరమే, కానీ మొదటి రెండూ ఎర్ర వరుసలే. సిరియా ఒక్కటే నీలం. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్ ముగ్గురూ గాయాలతో లేరని ఏడో గడిలో రాయాలి.

ఇక 2024 మార్చిలో ప్రపంచ కప్ క్వాలిఫయర్ల వరుసలకు రండి. సౌదీలోని అభాలో అఫ్ఘానిస్తాన్‌తో 0-0. ఐదు రోజులకు, మార్చి 26న గువాహటిలో అదే టీమ్ మీద 1-2. అప్పుడు ఇండియా ర్యాంకు 117, వాళ్లది 158. 38వ నిమిషంలో ఛెత్రీ పెనాల్టీతో ముందుకెళ్లి, 70, 88 నిమిషాల్లో గోల్స్ ఇచ్చుకున్నాం. సొంతగడ్డ, పచ్చ వరుస, ఆధిక్యం చేతిలో ఉంది, చివరి 20 నిమిషాల్లో పోయింది. ఈ ఒక్క వరుస స్టిమాక్ కేసులో ఆసియా కప్ మూడు మ్యాచ్‌ల కన్నా బరువు.

చాలామంది అదే క్వాలిఫయర్లలో ఖతర్ చేతిలో ఓడిన జూన్ 11 దోహా మ్యాచ్ పట్టుకుని "అన్యాయంగా పోయింది" అంటారు. గీత దాటిన బంతిని లోపలికి లాగి ఖతర్ సమం చేసింది నిజమే, రెఫరీ తప్పు అందరూ చూశారు. కానీ పాయింట్ల పట్టిక కూడా చూడాలి. అదే రోజు కువైట్ గెలిచి 7 పాయింట్లకు చేరింది. మనకు అప్పటికి 5. ఆ మ్యాచ్ డ్రా అయినా 6 దగ్గరే ఆగేవాళ్లం. గెలిస్తేనే తర్వాతి రౌండ్‌కు దారి. రెఫరీ మీద కోపం న్యాయమే, కానీ కోచ్‌ను కాపాడటానికి అదొక్కటే సరిపోదు.

మద్దెల నిజంగా ఓడేనా

ఆడలేక మద్దెల ఓడన్నట్టు పీకేసిన ప్రతి కోచ్ ఫెడరేషన్‌ను తిడతాడు. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. పట్టీలో ప్రతి ఓటమి పక్కన ఒక అక్షరం వేయండి: కోచ్ చేతిలోది అయితే "క", ఫెడరేషన్‌ది అయితే "ఫ", ఎవరి చేతిలోనూ లేనిదైతే "గ", అంటే గ్రహచారం. ఎవరిని ఆడించాడు, ఎప్పుడు మార్చాడు, ఆధిక్యం వచ్చాక టీమ్‌ను ఎంత వెనక్కి లాగాడు: ఇవి "క". క్యాంపు రోజులు, ప్రయాణం, ఫ్రెండ్లీల ఏర్పాటు "ఫ". గాయాలు, రెఫరీ "గ".

ఒక సంగతి తెలిసి ఉండాలి. ఫిఫా విండోలు (దేశాల మ్యాచ్‌ల కోసం ఫిఫా కేటాయించే రోజులు), పెద్ద టోర్నీల ముందు కొద్ది రోజులు తప్ప క్లబ్బులు తమ ఆటగాళ్లను వదలాల్సిన పని లేదు. 2024 ఆసియా కప్‌కు ఇండియాకు దొరికింది దాదాపు రెండు వారాలే. అది "ఫ". గువాహటి మాత్రం "క".

సగానికి మించి "క"లు వస్తే మళ్లీ పిలవొద్దు. "ఫ"లు ఎక్కువైతే ఇంకో ప్రశ్న పుడుతుంది: ఆ ఫెడరేషన్ పద్ధతి ఇప్పుడేమైనా మారిందా? మారకపోతే పాత కోచ్‌ను తెచ్చినా అదే పాట.

మధ్యలో ఏం చేశాడు

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నిజానికి తీర్పు ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. లూయీ వాన్ గాల్ నెదర్లాండ్స్‌ను 2002 ప్రపంచ కప్‌కు చేర్చలేక తప్పుకున్నాడు. తర్వాత 2009లో ఏజెడ్ క్లబ్‌కు డచ్ లీగ్ టైటిల్, 2010లో బాయెర్న్ క్లబ్‌కు జర్మన్ లీగ్, కప్ రెండూ తెచ్చి, 2012లో తిరిగొచ్చి 2014 ప్రపంచ కప్‌లో మూడో స్థానం తెచ్చాడు. బ్రెజిల్ దుంగాను 2010 క్వార్టర్ ఫైనల్ ఓటమి తర్వాత పీకేసి, జర్మనీ చేతిలో 1-7 అవమానం తర్వాత 2014లో మళ్లీ తెచ్చింది. ఆ నాలుగేళ్లలో ఆయన చేసింది ఒకే క్లబ్, ఇంటర్నాసియొనాల్. అక్కడా పీకేశారు. 2016 కోపా అమెరికాలో గ్రూపు దశలోనే బ్రెజిల్ బయటికి, దుంగా ఇంటికి. ఖాళీ కాలంలో కొత్తగా నేర్చుకున్నది ఏమీ కనబడకపోతే తిరిగొచ్చేది అదే మనిషి.

తర్వాత వచ్చినాయనతో పోల్చొద్దు

స్టిమాక్ తర్వాత మనోలో మార్కెజ్ వచ్చాడు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్ తెచ్చిన కోచ్ కాబట్టి మన దగ్గర ఆశలు బాగానే పెట్టుకున్నారు. ఇండియాకు ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. ఆ తర్వాత ఖాలిద్ జమీల్ కాలంలో 2025 అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ మీద 1-2తో ఓడి 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. "చూసిన్రా, స్టిమాకే నయం" అనడం ఇక్కడే మొదలైంది. వారసుడు ఓడితే పాతాయన పట్టీలోని "క"లు చెరిగిపోవు. తిరగేసినా అంతే: 2024 జనవరిలో ఐవరీకోస్ట్ టోర్నీ మధ్యలో కోచ్‌ను పీకేసి అసిస్టెంట్ ఎమెర్స్ ఫాయెకు అప్పగిస్తే ఆయన ఆఫ్రికా కప్ గెలిచాడు. పీకేసిన కోచ్ పనికిరానివాడని దాంతోనూ రుజువు కాలేదు.

ఈ లెక్క మీద స్టిమాక్‌కు హెడ్ కోచ్‌గా రెండో ఛాన్స్ మేమైతే ఇవ్వం.

కాంట్రాక్ట్

పిలవాలనే తేలితే కాగితం సంగతి ముందు చూడాలి. గడువు రెండేళ్లకు మించొద్దు. మధ్యలో ఆపితే ఎన్ని నెలల జీతం ఇవ్వాలో అంకెతో రాయాలి, మూడు నెలలు న్యాయంగా ఉంటుంది. టోర్నీకి ముందు పొడిగింపు ఇవ్వొద్దు: స్టిమాక్‌కు 2023 అక్టోబర్‌లో పొడిగించారు, ఆసియా కప్ అప్పటికి మూడు నెలల దూరంలో ఉంది. ఇంకో ఉద్యోగం చేయొద్దని కూడా రాయాలి. మార్కెజ్ ఇండియాతో పాటే ఎఫ్‌సీ గోవాకూ పనిచేశాడు. పాత బాకీలు తీరినట్టు సంతకం చేయించుకున్నాకే కొత్త సంతకం.

క్లబ్ కమిటీ అయితే

వరంగల్, మంచిర్యాల వైపు క్లబ్బులకు ర్యాంకులుండవు. పోయినేడు ఆడిన అన్ని మ్యాచ్‌లు తీసుకుని, ఆ టీమ్‌లు మనకన్నా పెద్దవా చిన్నవా అని ముగ్గురు విడివిడిగా మార్కు వేసి, ఇద్దరు చెప్పింది ఖాయం చేయండి. క్యాంపు రోజుల బదులు ప్రాక్టీస్ హాజరు పట్టీ చూడండి. వానాకాలంలో గ్రౌండ్ బురదైన రోజులు, సాయంత్రం గ్రౌండ్ క్రికెట్‌వాళ్లకు పోయిన రోజులు, జీతం ఆలస్యమైన నెలలు "ఫ" కిందికి వస్తాయి. ఇక్కడ "ఫ" అంటే కమిటీయే, కాబట్టి ఆ గడి దాచిపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. అందుకే అప్పట్లో కోచ్‌ను తీసేయించిన మనిషి మీటింగ్‌కు అధ్యక్షత వహించొద్దు. ఐదుగురు కూర్చుని, మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు మడిచి ఇవ్వాలి. పెద్దమనిషి ముందు నోరు తెరిస్తే మిగతా నలుగురి మార్కులూ ఆయనవే అవుతాయి.

కోచ్‌ను పిలిచి మాట్లాడేటప్పుడు "మళ్లీ చేస్తావా" అని మొదలెట్టొద్దు. పచ్చ వరుసలో ఓడిన మ్యాచ్ ఒకటి ముందు పెట్టి, "అన్నా, ఇది మళ్లీ ఆడితే 60వ నిమిషంలో ఎవరిని మారుస్తవ్?" అని అడగండి. పేరు, స్థానం, కారణం మూడూ చెప్తే మంచిది. పిల్లల మీదకో, రెఫరీ మీదకో నెట్టేస్తే అక్కడితో ఆపేయొచ్చు.

వద్దనుకుంటే వారం లోపు రాతపూర్వకంగా చెప్పండి, బాకీ ఉంటే అదే రోజు కట్టేయండి, ఆ పట్టీ జిరాక్స్ ఒకటి కొత్త కోచ్ చేతికివ్వండి.