‘కొత్తవి ఏమన్నా వచ్చినాయా సార్?’: రాబోయే పుస్తకాలను పాఠకులకు సూచించే పద్ధతి

కడపలో సాయంత్రం అయిదు దాటాక గ్రంథాలయానికి వచ్చే పాఠకుడు, చదివేసిన పుస్తకాన్ని బల్ల మీద పెడుతూనే అడిగే మాట ఒకటుంది: ‘‘కొత్తవి ఏమన్నా వచ్చినాయా సార్?’’ గ్రంథపాలకుడి ఉద్యోగంలో కొత్తగా చేరినవారు ఆ మాట వినగానే లేచి, ఈ మధ్య వచ్చిన పుస్తకాలు పెట్టిన బీరువా వైపు నడుస్తారు. అంత తొందర అక్కరలేదు. ఈ మధ్యే అచ్చయిన పుస్తకం కావాలని ఒకరు, మన గ్రంథాలయానికి ఈ మధ్య చేరిన పుస్తకం కావాలని మరొకరు, తాను ఇంతవరకు చదవని పుస్తకం ఏదైనా చాలునని ఇంకొకరు అదే మాటను వాడతారు. నేను చూసినంతలో ఎక్కువమంది అడిగేది ఈ మూడోది. అలాంటివారికి ముప్పై ఏళ్ల కిందటి కథల సంపుటి కూడా కొత్తదే. కాబట్టి ‘‘ఏదైనా ఫలానా పుస్తకం గురించి విన్నారా?’’ అని ఒక్క మాట అడిగి, జవాబు విన్న తరువాతే కుర్చీలోంచి లేవడం మంచిది. మొదటి రకం వారి విషయంలోనే మనకు అసలైన పని ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వారి గురించే.

రాబోయే పుస్తకాల సమాచారం తెలుగులో ఒకచోట దొరకదు. ఇంగ్లీషు ప్రచురణకర్తలు కొన్ని నెలల ముందే తమ జాబితాలను ప్రకటిస్తారు కాబట్టి అక్కడి గ్రంథపాలకులకు ఆ పట్టిక ముందు పెట్టుకుంటే సరిపోతుంది. మనకు అలా కుదరదు. చాలా తెలుగు పుస్తకాల సంగతి ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రిక బయటికి వచ్చినప్పుడే తెలుస్తుంది. అయినా ఈ వ్యవహారానికి ఒక కాలక్రమం ఉంది. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతాయి కాబట్టి ప్రచురణకర్తలు, సొంతంగా అచ్చువేసుకునే రచయితలు ఆ రెండింటికి అందేలా పుస్తకాలు సిద్ధం చేసుకుంటారు. అందువల్ల నవంబరులో, అంటే 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల హడావుడిలో మనం మునిగి ఉన్న రోజుల్లోనే, కొత్త పుస్తకాల ప్రకటనలు ముమ్మరమవుతాయి. వారోత్సవాల బ్యానర్లు కట్టించే పనిలో పడి ఆ ప్రకటనలను వదిలేస్తే, సంక్రాంతి తరువాత పాఠకుడే వచ్చి మనకు కొత్త పుస్తకం పేరు చెప్పాల్సి వస్తుంది.

దినపత్రికల సోమవారం సాహిత్య పేజీలు, ఆదివారం అనుబంధాల్లో పత్రికకు అందిన పుస్తకాల పేర్లిచ్చే ‘స్వీకారం’ జాబితాలు, ప్రచురణ సంస్థల ఫేస్‌బుక్ పేజీలు, ముందుగా డబ్బు కట్టినవారికి రాయితీ ఇస్తామనే ప్రకటనలు, నవలల పోటీ ఫలితాలు: వీటిని వారానికి ఒకసారి, ఒక అరగంట కేటాయించి చూస్తే చాలు. వారపత్రికలో ధారావాహికగా వస్తున్న నవలను కూడా గమనించాలి, ఎందుకంటే అది ముగిసిన కొంతకాలానికి పుస్తకంగా వచ్చే అవకాశం ఉంటుంది, వారం తప్పించి చదివినవారు దాని కోసం తప్పక వస్తారు. పోటీ పరీక్షల పుస్తకాల లెక్క వేరు. వాటికి పండుగలతోనూ ప్రదర్శనలతోనూ సంబంధం లేదు. నోటిఫికేషన్ వచ్చిందా, సిలబస్ మారిందా అన్నదే ముఖ్యం. సిలబస్ మారిన తరువాత పాత ముద్రణను కొత్త అట్టతో అమ్మే పుస్తకాలు బజారులో కనిపిస్తాయి కనుక, విషయసూచికను సిలబస్‌తో పోల్చి చూడకుండా ఏ గ్రూప్స్ అభ్యర్థికీ ఏ పుస్తకాన్నీ సిఫారసు చేయకూడదు.

ఇలా తెలిసినవాటిని రాసుకోవడానికి ఒక పొడవాటి నోటుపుస్తకం పెట్టుకోవాలి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, వెల, ఎప్పుడు రావచ్చు, ఎక్కడ చూశాం అనే గడులు ఎవరైనా గీస్తారు. వాటి పక్కన ‘ఎవరికి?’ అనే గడి ఒకటి గీసి, ఆ ప్రకటన చదివిన క్షణంలోనే మన పాఠకుల్లో ఎవరు గుర్తుకొస్తారో వారి సభ్యత్వ సంఖ్య అందులో రాసుకోవాలి. పేరు రాయకుండా సంఖ్య మాత్రమే రాయమనడానికి కారణం ఉంది: ఆ నోటుపుస్తకం బల్ల మీదే ఉంటుంది, ఎవరు ఏం చదువుతున్నారన్నది పక్కవారికి తెలియాల్సిన విషయం కాదు. ఆ గడి ఖాళీగా మిగిలిన పుస్తకాన్ని కొనవద్దని నేను అనడం లేదు గాని, మన ఊళ్లో ఎవరూ గుర్తుకు రాని పుస్తకాన్ని ఎవరికి సూచించాలన్న ప్రశ్నకు తరువాత కూడా జవాబు దొరకడం కష్టం.

గడి నింపాలంటే పాఠకుడు తెలియాలి. ‘‘మీకు ఏ రకం పుస్తకాలు ఇష్టం?’’ అని అడిగితే మర్యాదకు ‘‘ఏవైనా పర్వాలేదు సార్’’ అంటారు, లేదా గొప్పగా వినిపించే రచయిత పేరొకటి చెబుతారు. అందుకు బదులు తిరిగి ఇస్తున్న పుస్తకం గురించే అడగాలి: మొత్తం చదివారా, ఎక్కడ ఆగారు, ఇంట్లో ఇంకెవరైనా చదివారా? సగంలో వదిలేసిన పుస్తకం చెప్పినంత స్పష్టంగా పూర్తి చేసిన పుస్తకం చెప్పదు. ప్రొద్దుటూరు బడిలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పంతులుగారు ప్రతి కొత్త నవలనూ తీసుకెళ్లి నాలుగో రోజుకే తెచ్చి ఇచ్చేవారు. చాలా వేగంగా చదువుతారని నేను అనుకునేవాణ్ణి. ఒకరోజు అడిగితే, అక్షరాలు చిన్నవై కళ్లు లాగుతున్నందువల్ల ఇరవై పేజీలకే ఆపేస్తున్నానని చెప్పారు. ఆ తరువాత ఆయనకు ఏ పుస్తకం సూచించినా, అందులో ఏముందో చెప్పడానికి ముందు అచ్చు ఎంత పెద్దదో చూసేవాణ్ణి.

ఇక నోటితో ఎలా చెప్పాలన్నది. మూడు వాక్యాలు మించకూడదు. మొదటిది పుస్తకం దేని గురించో చెప్పాలి, రెండోది ఆ పాఠకుడు ఇదివరకు ఇష్టపడిన ఒక పుస్తకంతో దానికున్న పోలికను చెప్పాలి, మూడోది అతనికి అందులో నచ్చకపోవచ్చు అనిపించేదాన్ని దాచకుండా చెప్పాలి. ఉదాహరణకు, ‘‘బావులు ఎండిపోయి చీనీతోట కొట్టేసిన ఒక కుటుంబం కథ ఇది. మొన్న మీరు తీసుకుపోయిన కేతు విశ్వనాథరెడ్డిగారి కథల మాదిరిగా నిదానంగా నడుస్తుందని సమీక్షలో రాసినారు. అయితే మొత్తం మన యాసలోనే ఉంటుంది, నేనింకా చదవలేదు.’’ చివరి మాట చాలా అవసరం. చదవని పుస్తకాన్ని చదివినట్టు పొగిడితే ఒక్కసారికి చెల్లుతుంది. రెండోసారి ఆ పాఠకుడు మన మాటను పుస్తకం అట్టమీది ప్రకటనతో సమానంగా చూస్తాడు.

యాస ప్రస్తావన కావాలనే తెచ్చాను. రాయలసీమ మాటలో వచ్చే కథలను ఇక్కడ అందరూ ఆనందంగా అందుకుంటారని బయటివారు అనుకుంటారు. చాలామంది అందుకుంటారు, నిజమే. కాని ‘‘ఇంట్లో మాట్లాడుకునేదే కద సార్, దాన్ని పుస్తకంలో చదవాల్నా?’’ అని పక్కన పెట్టేవారు కూడా మన ఊళ్లోనే ఉన్నారు, వారిని తక్కువగా చూడనక్కరలేదు. అలాగే పెద్దదర్గా వైపు నుంచి వచ్చే పెద్దవారిలో ఉర్దూ మాత్రమే సాఫీగా చదవగలవారు ఉంటారు; తెలుగు కొత్త పుస్తకాల జాబితా వారికి చదివి వినిపించడం వల్ల ప్రయోజనం లేదు కాబట్టి, ఉర్దూ పుస్తకాల ఇండెంటును, అంటే కొనాల్సిన పుస్తకాల కోరికపట్టీని, ఏడాది చివరికి నెట్టకుండా తెలుగుతోపాటే పంపాలి. పాత గ్రంథాలు, తాళపత్రాల మీద ఆసక్తితో వచ్చినవారిని ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి దారి చెప్పి పంపడం కూడా మంచి సూచనే అవుతుంది.

రాబోయే పుస్తకం విషయంలో పెద్ద ప్రమాదం తేదీ. మన కొనుగోలుకు డబ్బు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు నుంచి ప్రధానంగా వస్తుంది. అది జమ కావాలి, ఎంపిక జరగాలి, ఆర్డరు వెళ్లాలి, వచ్చిన పుస్తకం కొత్తగా చేరినవాటిని నమోదు చేసే అక్సెషన్ రిజిస్టరులోకి ఎక్కాలి, సంఖ్య వేసి డేట్ స్లిప్ అతికించాలి. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ సాయంతో వచ్చే పుస్తకాలు కూడా మనం కోరిన వారానికి రావు. చాలా ఏళ్ల కిందట ఒక కొత్త నవల ఉగాదికల్లా వస్తుందని అయిదుగురికి చెప్పాను. అది దసరా దాటాక వచ్చింది. ఆ అయిదుగురిలో ఇద్దరు అప్పటికే కొనుక్కున్నారు, ఒకరు నెలనెలా ‘‘ఆ బుక్కు ఎప్పుడొస్చాది సార్?’’ అని అడిగి అడిగి, చివరికి నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. అప్పటినుంచి ‘ఇండెంటులో రాశాం’, ‘ఆర్డరు వెళ్లింది’, ‘పార్శిలు వచ్చింది’ అనే మూడు మాటలు తప్ప తేదీ చెప్పడం మానుకున్నాను. ఈ మూడూ నిజాలే, పాఠకుడికి కావలసిన సమాచారం వీటిలోనే ఉంది.

ఎదురుచూడమని చెప్పిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. ఇది నా దృష్టిలో మొత్తం పద్ధతికి ఆయువుపట్టు. రాబోయే ప్రతి పుస్తకానికీ ఇప్పటికే మన బీరువాలో ఉన్న ఒక తోడు పుస్తకాన్ని ముందుగానే వెతికి, నోటుపుస్తకంలో దాని పక్కనే రాసుకోవాలి. అది అదే రచయిత పాత పుస్తకం కావచ్చు, అదే కాలాన్ని గురించిన చరిత్ర కావచ్చు, అదే వృత్తివారి కథలున్న సంపుటి కావచ్చు. అనంతపురానికి చెందిన బండి నారాయణస్వామిగారు రాయలసీమ చరిత్ర మీద రాసిన ‘శప్తభూమి’ విషయమే చూడండి. ఆ నవలకు 2017లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పోటీ ఫలితాన్ని గమనించి అప్పుడే ఇండెంటు రాసుకున్న గ్రంథాలయానికి, పురస్కారం ప్రకటించిన మరునాడు ఉదయం వచ్చే పాఠకుడి ముందు ఇబ్బంది ఉండదు. గమనించని గ్రంథాలయంలో కూడా ఆ రోజు ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి: దత్తమండలాల (ఇప్పటి రాయలసీమ ప్రాంతం) చరిత్ర, పాళెగాళ్ల గురించిన పుస్తకాలు, ఆ రచయితే రాసిన కథలు. తోడు పుస్తకం తీసుకువెళ్లినవారిలో కొందరు అసలు పుస్తకం సంగతే మరిచిపోవడం నేను చూశాను, అందులో నష్టమేమీ లేదు.

స్థానిక రచయితల పుస్తకాలు ఒక సున్నితమైన వ్యవహారం. ఈ జిల్లాలో రాసేవారికి లోటు లేదు. వేంపల్లె ఒక్కదానినుంచే వరుసగా 2011లో వేంపల్లి గంగాధర్, 2012లో వేంపల్లె షరీఫ్ సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు అందుకున్నారు. రచయితలు తామే వచ్చి రెండు ప్రతులు ఉచితంగా ఇచ్చి, ‘‘అందరికీ చెప్పండి’’ అంటారు. తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి, జిల్లా రచయితల అరలో పెట్టాలి. అందరికీ చెప్పడం మాత్రం మన వల్ల కాదని వినయంగా చెప్పి, ఆ పుస్తకం నచ్చగల ఇద్దరు ముగ్గురికి చెబుతామని మాట ఇస్తే సరిపోతుంది.

నోటీసు బోర్డు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ముఖపత్రాల నకళ్లు అంటించి, వచ్చినవి ఒక వైపు, రాబోయేవి ఒక వైపు పెట్టి, పదిహేను రోజులకోసారి మార్చితే చాలు. మార్చని బోర్డు కంటే ఖాళీ బోర్డే నయం. వాట్సాప్ సమూహం నడిపేవారు వారానికి ఒకే సందేశం, అందులో రెండే పుస్తకాలు అనే నియమం పెట్టుకోవాలి. చదవడం కష్టమైనవారికి, కళ్లు సరిగా కనిపించనివారికి నిమిషం నిడివి గల మాట రికార్డు చేసి పంపితే, రాసిన సందేశం కంటే ఎక్కువమంది వింటారు. గ్రంథాలయం పుస్తకాలు ఉంచి ఇచ్చే పల్లెల్లోని పుస్తక నిక్షిప్త కేంద్రాల నిర్వాహకులకు కూడా ఇది ఉపయోగపడుతుంది. సమూహంలో ఎవరో ఒకరు కొత్త పుస్తకం పీడీఎఫ్ పెడతారు. మొహమాటపడకుండా దాన్ని తొలగించి, ఆ పుస్తకం మన గ్రంథాలయంలో ఏ దశలో ఉందో అక్కడే రాయాలి.

పుస్తకం వచ్చిన రోజు, దానికోసం ఎదురుచూస్తున్నవారి వరుసలో మొదటివారికి ఫోన్ చేయాలి. మూడు పనిదినాలు చూసి, రాకపోతే రెండోవారికి ఇవ్వాలి. ఊళ్లో పెద్దమనిషి అడిగారని వరుస మార్చకూడదు, ఎందుకంటే ఒక్క ప్రతే ఉన్నచోట ఆ మార్పు మిగిలినవారందరికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. ఆ పాఠకుడు పుస్తకం తిరిగి తెచ్చినప్పుడు, ఎంతవరకు చదివారో అడిగి నోటుపుస్తకంలో ఆ పుస్తకం గడుల చివర పేజీ సంఖ్యతో సహా రాసుకుని, వరుసలో తరువాతివారికి ఫోన్ చేయాలి.