వాతావరణ సూచన చదవడం – 5వ పాఠం: కోల్డ్ ఫ్రంట్ దాటాక కూడా ఉరుములెందుకు?

పోయిన పాఠంలో కోల్డ్ ఫ్రంట్ (వెచ్చని గాలిని తోసుకుంటూ వచ్చే చల్లగాలి అంచు) వెంబడే పుట్టే ఉరుముల వాన గురించి చూశాం. ఫ్రంట్ దాటిపోయాక ఇక తెరిపే అనుకుంటే వసంతకాలంలో చాలాసార్లు పప్పులో కాలేసినట్టే. సమశీతోష్ణ మండలాల ప్రాంతీయ సూచనల్లో ఇలాంటి పేరా తరచూ కనిపిస్తుంది:

“తెల్లవారుజామున కోల్డ్ ఫ్రంట్ తూర్పుకు దాటిపోతుంది. ఉదయం పొడిగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి అక్కడక్కడ జల్లులు, ఉరుములు, చిన్న వడగళ్లు. అవకాశం 40 శాతం. పొద్దుగూకాక తగ్గుముఖం.”

ముందు ఫ్రంట్ నిజంగా దాటిందో లేదో తేల్చుకోండి. చల్లబడటం ఒక్కటే రుజువు కాదు. ముందు రోజు వానమబ్బు కింద నుంచి తోసుకొచ్చిన ఈదురుగాలి కూడా చల్లబరుస్తుంది, పీడనాన్ని ఒక్కసారి పైకి లేపుతుంది. ఆ ప్రభావం సాధారణంగా కొన్ని గంటల్లో పోతుంది. అసలు ఫ్రంట్ అయితే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) పడిపోయి అలాగే ఉండిపోతుంది, పీడనం గంట గంటకూ పెరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో గాలి నైరుతి నుంచి పడమరకో వాయవ్యానికో మళ్లుతుంది, దక్షిణార్ధగోళంలో వాయవ్యం నుంచి నైరుతికి. ఈ మూడూ కలిస్తేనే దాటినట్టు లెక్క.

దాటాక వచ్చే ఉరుములు రెండు రకాలు. పైన ఇచ్చిన పేరాలోవి మొదటి రకం. వసంతంలో ఎండ బలపడుతుంది గానీ పై గాలిని చలికాలం ఇంకా వదలదు. నేల దగ్గర ఫ్రంట్ దాటిన కొన్ని గంటలకు పైనున్న ద్రోణి (అల్పపీడన పట్టీ), దాని వెంట అతిచల్లని గాలి ముద్ద వస్తాయి. కింద వేడి, పైన చలి కలిస్తే గాలి తిరగబడుతుంది.

దీన్ని లెక్కలో చూద్దాం. బెలూన్ సౌండింగ్‌లో (బెలూన్ ఎగరేసి పై గాలిని కొలిచినప్పుడు) గాలి పీడనం 850 హెక్టాపాస్కల్ ఉండే స్థాయి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున, 500 స్థాయి ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. 850 దగ్గర 2 డిగ్రీలు, 500 దగ్గర మైనస్ 28 ఉందనుకోండి. తేడా 30. అంటే కిలోమీటరుకు దాదాపు ఏడున్నర డిగ్రీల తగ్గుదల. తేడా 28 దాటితే ఆ రోజు మధ్యాహ్నం మీద కన్నేసి ఉంచాలి.

ఉరుముల అవకాశాన్ని అంచనా వేసే టోటల్ టోటల్స్ సూచీ కూడా వేయండి: 850 ఉష్ణోగ్రత, 850 డ్యూ పాయింట్ కూడి, అందులోంచి 500 ఉష్ణోగ్రతకు రెట్టింపు తీసేయాలి. డ్యూ పాయింట్ మైనస్ 1 అయితే 2 – 1 + 56 = 57. యాభై దాటితే తీవ్రమైన ఉరుములని పుస్తకాలంటాయి. నమ్మేయకండి. 500 అంకె రెండుసార్లు లెక్కకొస్తుంది కాబట్టి పైన చలి ఎక్కువైతే చాలు, తేమ అంతంతే ఉన్నా సూచీ ఉబ్బిపోతుంది. మేఘం తల మైనస్ 20 డిగ్రీల స్థాయి దాటుతుందా అన్నది అంతకన్నా పనికొచ్చే ప్రశ్న. అక్కడిదాకా ఎదగకపోతే సాధారణంగా జల్లే తప్ప ఉరుముండదు. అధిక పీడనం తొందరగా వచ్చేసి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులో వెచ్చని పొరతో మూత వేస్తే మబ్బులు పరుచుకుంటాయి, అంతే. సూచన తప్పేది ఎక్కువగా ఇక్కడే.

సున్నా డిగ్రీల మట్టం కిందికి దిగి ఉంటుంది కాబట్టి వడగళ్లు కరిగేలోపే నేల చేరతాయి. అందుకే చిన్న మబ్బు కూడా గళ్లు రాలుస్తుంది.

రెండో రకానికి ఎండతో పని లేదు. ఫ్రంట్ కొద్ది దూరం వెళ్లి నీరసించి ఆగిపోతుంది. దాని వాలు చాలా తక్కువ, రమారమి వందకు ఒకటి. అంటే ఫ్రంట్‌కు వంద కిలోమీటర్ల వెనక చల్లగాలి మందం ఒక కిలోమీటరే. దానిమీదుగా తేమగాలి ఎక్కి రాత్రిపూట ఉరుముతుంది. నేల దగ్గర 12 డిగ్రీలు, 850 దగ్గర 15 చూపిస్తే అనుమానించండి. ఇలాంటప్పుడు నేల నుంచి లెక్కించిన కేప్ (గాలి పైకి లేవడానికి దొరికే శక్తి) సున్నా వస్తుంది, అది చూసి పేజీ మూసేయొద్దు. “మోస్ట్ అన్‌స్టేబుల్ కేప్”, అంటే అన్నిటికన్నా అస్థిరంగా ఉన్న పొర నుంచి లెక్కించినది, చూడాలి. కింది చల్లగాలి పొర అడ్డుపడటంతో ఈదురుగాలి నేలదాకా దిగడం తక్కువ. వడగళ్లు మాత్రం పెద్దవి పడొచ్చు, పిడుగుల ముప్పు ఏమీ తగ్గదు.

ఇక 40 శాతం. మీరున్న చోట కొలవదగ్గ వాన పడే అవకాశం వందలో నలభై అని. ప్రాంతంలో నలభై శాతం తడుస్తుందనీ కాదు, రోజులో నలభై శాతం సేపు కురుస్తుందనీ కాదు.

మొదటి రకంలో జల్లుకూ జల్లుకూ మధ్య కాసే ఎండే మోసం చేస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే మబ్బు పది కిలోమీటర్లు దాటడానికి పన్నెండు నిమిషాలు చాలు. ఉరుము వినబడితే లోపలికి వెళ్లండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

అభ్యాసం: 850 దగ్గర 6, డ్యూ పాయింట్ మైనస్ 9, 500 దగ్గర మైనస్ 25. తేడా, సూచీ వేసి, ఉరుముతుందో లేదో కారణంతో రాయండి. జవాబు 6వ పాఠం మొదట్లో.