హార్డ్ క్రోమ్ స్థానంలో కార్బైడ్ పూత: విమాన భాగాల మరమ్మతులో పాటించవలసిన క్రమం

ల్యాండింగ్ గేర్ పిస్టన్లు, హైడ్రాలిక్ యాక్చుయేటర్ల రాడ్లు అరిగిపోకుండా వాటికి దశాబ్దాలుగా హార్డ్ క్రోమ్ పూత వేస్తున్నారు. పూత మంచిదే, చిక్కంతా అది తయారయ్యే తొట్టిలో ఉంది. క్రోమిక్ ఆమ్ల ద్రావణంలోకి పంపే విద్యుత్తులో అధిక భాగం హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే ఖర్చవుతుంది. ఆ బుడగలు పైకి వచ్చి పగిలినప్పుడు క్యాన్సర్ కారకమైన హెక్సావాలెంట్ క్రోమియం తుంపరగా గాలిలో కలుస్తుంది. అమెరికా 2006లో పనిచోటు గాలిలో దాని పరిమితిని ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు నుంచి క్రోమియం ట్రైఆక్సైడ్ (క్రోమిక్ ఆమ్ల ద్రావణాన్ని తయారుచేసే పదార్థం) వాడకానికి ప్రత్యేక అనుమతి ఉండాలి.

పూత మార్చే నిర్ణయం వర్క్‌షాపుది కాదు. ఆ భాగపు మరమ్మతు మాన్యువల్‌లో గానీ, తయారీదారు ఆమోదించిన ఇంజినీరింగ్ ఆదేశంలో గానీ అనుమతి లేకుంటే పని మొదలుపెట్టకూడదు.

అనుమతి దొరికాక భాగపు ఆకారం చూడాలి. బయటి ఉపరితలాలకు హెచ్‌వీఓఎఫ్ పద్ధతిలో (పొడిని మంటతో వేడిచేసి అతివేగంగా గన్‌తో) చల్లే టంగ్‌స్టన్ కార్బైడ్ పూత బాగా నిలుస్తుంది. అయితే గన్‌కు ఎదురుగా కనిపించే చోటే అది పడుతుంది కనుక, ఇరుకైన లోపలి రంధ్రాలకు ఎలక్ట్రోలెస్ నికెల్, నానో స్థాయి రేణువుల కోబాల్ట్-ఫాస్ఫరస్ వంటి తొట్టి పూతలను పరిశీలించాలి.

పాత క్రోమ్‌ను అధిక బలపు ఉక్కు మీద నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీయకూడదు, ఎందుకంటే అప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుదనం వస్తుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో భాగాన్ని ఆనోడ్‌గా పెట్టి తీయాలి, ఆ తరువాత నిర్దేశించిన మేరకు ఓవెన్‌లో బేక్ చేయాలి. పాత గ్రైండింగ్ వల్ల ఉక్కు ఎక్కడైనా కాలి ఉంటే నైటాల్ (నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిపిన ద్రావణం) ఎచింగ్‌లో బయటపడుతుంది, పగుళ్లను మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష పట్టిస్తుంది. ఈ రెండూ దాటిన భాగానికే షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో కొట్టి ఉపరితలాన్ని అలసటకు తట్టుకునేలా చేయడం), ఆపైన అల్యూమినియం ఆక్సైడ్‌తో గ్రిట్ బ్లాస్టింగ్ చేయాలి. గరుకు చేసిన ఉపరితలాన్ని చేత్తో తాకకుండా, ఆలస్యం చేయకుండా పూత చల్లాలి.

చల్లేటప్పుడు కనిపెట్టుకుని ఉండవలసింది ఉష్ణోగ్రత. మంట చాలా వేడిగా ఉంటుంది కనుక, భాగాన్ని తిప్పుతూ, చల్లని గాలి వీస్తూ, ఉక్కు ఉష్ణోగ్రతను స్పెసిఫికేషన్ పరిమితి దాటనివ్వకూడదు. దాటితే పీనింగ్ ఇచ్చిన మేలు పోతుంది. అదే చల్లింపులో ఒక ఆల్మెన్ పట్టీకీ (వంగిన మేరను బట్టి ఒత్తిడిని తెలిపే సన్నని ఉక్కు పట్టీ), ఒక నమూనా ముక్కకూ పూత వేసి, పూతలో మిగిలిన ఒత్తిడినీ, పూతలోని సూక్ష్మ రంధ్రాలనూ, గట్టిదనాన్నీ వాటి మీద పరీక్షించాలి. విమాన పదార్థాల ప్రమాణాల్లో (ఏఎంఎస్) ఏఎంఎస్ 2448 అధిక బలపు ఉక్కు మీద ఈ చల్లింపుకు సంబంధించిన ప్రమాణం, ఏఎంఎస్ 2449 దాని గ్రైండింగ్‌కు సంబంధించినది.

క్రోమ్‌కు అలవాటుపడిన చేతులు ఎక్కువగా తప్పు చేసేది గ్రైండింగ్‌లోనే. క్రోమ్‌కు వాడిన అల్యూమినియం ఆక్సైడ్ చక్రం ఇక్కడ పనికిరాదు. డైమండ్ చక్రం, ధారాళంగా కూలెంట్, ప్రతి దఫా చాలా తక్కువ కోత అవసరం. క్రోమ్‌కు 0.4 మైక్రోమీటర్ల సగటు గరుకుదనం సరిపోయేది. కార్బైడ్‌ను అంతటితో వదిలేస్తే దాని శిఖరాలు ఆకురాయిలా సీళ్లను అరగదీస్తాయి, పూత చెక్కుచెదరకుండా ఉన్నా హైడ్రాలిక్ నూనె కారుతుంది. అందుకే సూపర్‌ఫినిషింగ్ చేసి 0.1 మైక్రోమీటరు దరిదాపులకు తేవడం వాడుక. సీల్ రకం కూడా ఈ పూతకు అనుకూలమైనదో కాదో అప్పుడే సరిచూసుకోవాలి.

ఈ పూతను "శుభ్రమైనది" అనడం కొంతవరకే నిజం. చల్లేటప్పుడు పూత పొడిలోని కోబాల్ట్ గాలిలోకి ధూళిగా లేచి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, శబ్దం చెవులకు ప్రమాదం. మూసిన బూత్, ధూళిని లాగే వడపోత, శ్వాస రక్షణ లేనిచోట పని మొదలుపెట్టకూడదు.

చివరగా, భాగపు రికార్డులో పూత పొడి రకం, మందం, చల్లిన ప్రాంతం స్పష్టంగా రాయాలి. తరువాతి ఓవర్‌హాల్‌లో ఈ పూతను తీయడానికి కాస్టిక్ సోడా కాక రోషెల్ లవణపు ద్రావణం వాడవలసి వస్తుంది, ఆ సంగతి అప్పటి పనివాడికి తెలిసేది ఈ రికార్డు ద్వారానే.