లంచ్ టేబుల్ దగ్గర మొదలుపెట్టండి

బెంగళూరులో టీమ్ లీడ్ అయిన కొత్తలో, ఆఫీసులో గౌరవం, నమ్మకం లాంటివి హెచ్ఆర్ వాళ్లు చూసుకునే వ్యవహారం అనుకునేవాణ్ణి. మా టీమ్‌లో పదకొండు మందికి ఏడుగురం తెలుగువాళ్లం. మారతహళ్లి మెస్‌లో గోంగూర బాగుందన్న కబురు దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ రిలీజ్ ప్లాన్ దాకా అన్నీ లంచ్‌లో తెలుగులోనే తేల్చేసేవాళ్లం, పక్కన కన్నడ అబ్బాయి ఫోన్ చూసుకుంటూ తినేసి లేచిపోయేవాడు. ఒకరోజు అతను అడిగాడు, డేట్ మారిందని నాకెందుకు చెప్పలేదని. చెప్పాం, అతని ఎదురుగానే, తెలుగులో!

కాబట్టి టీమ్‌లో గౌరవం, నమ్మకం పెరగాలంటే మొదటి పని ఇదే. కబుర్లు ఏ భాషలోనైనా చెప్పుకోండి, పని మాట మాత్రం అక్కడున్న అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి. టీ దగ్గర ఏదైనా నిర్ణయం జరిగిపోతే వెంటనే గ్రూప్‌లో రెండు లైన్లు రాసెయ్యండి.

నాలుగు కన్నడ మాటలు నేర్చుకుంటే ఇంకా మంచిది, కానీ ఒక్క జాగ్రత్త: కన్నడంలో 'నీవు' అంటే మన 'మీరు', 'నీను' అంటే మన 'నువ్వు'. వయసులో పెద్దాయన, మా సెక్యూరిటీ గార్డుని నెలరోజులు 'నీను' అని పిలిచాక ఎవరో చెబితే తెలిసి నాలుక కరుచుకున్నాను. అయినా తెలుగులో మాత్రం మనం చేసేదేంటి? మేనేజర్‌ని 'మీరు' అని, హౌస్‌కీపింగ్ అక్కని 'నువ్వు' అని అంటాం. ఆ తేడా టీమ్ అంతా గమనిస్తుంది.

ఇంకోటి, కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిందే. కొత్తగా చేరిన తెలుగువాళ్లని 'ఇంటిపేరేంటి, ఏ ఊరు, మీవాళ్లు ఎవరెవరు' అని ఆరా తీయడం ఆపేయండి. ఎందుకు అడుగుతున్నారో ఇద్దరికీ తెలుసు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఇష్టంలేనివాళ్లు ఆ తర్వాత మీకు ఏదీ మనసు విప్పి చెప్పరు.

ఇక తప్పుల సంగతి. ఒక శుక్రవారం రాత్రి రిలీజ్‌లో జూనియర్ అబ్బాయి తప్పు సెట్టింగ్ పెట్టేశాడు, పేమెంట్లు ఆగిపోయాయి. అతనికి పది నిమిషాల్లోనే తెలిసింది, మాకు చెప్పింది మాత్రం రెండు గంటల తర్వాత. కోపం వచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే, అంతకు ముందు నెల ఇంకొకతన్ని కాల్‌లో అందరి ముందూ కడిగేసింది నేనే కదా. మైసూరు రోడ్డు మీద బిడదిలో టొయోటా ఫ్యాక్టరీ ఉంది చూడండి, ఆ కంపెనీ పద్ధతిలో లైన్‌లో పనిచేసే ఎవరైనా లోపం కనబడగానే తాడు లాగి పని ఆపించొచ్చు. లాగితే లీడర్ వచ్చి ముందు సమస్య చూస్తాడు. మీ టీమ్‌లో కూడా ఆ తాడు ఉండాలి. ఎవరైనా 'నా వల్ల ఆగింది' అంటే మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట 'ఇప్పుడేం చేద్దాం' అవ్వాలి, 'ఎలా చేశావ్' కాదు. తిట్టక తప్పదనుకుంటే పక్కకు పిలిచి, మర్నాడు.

క్రెడిట్ విషయం మీకు తెలిసిందే, పని చేసినవాళ్ల పేరు పైవాళ్ల ముందు చెప్పండి. లీవ్ అడిగితే కారణం తవ్వకండి.

చివరిగా, ఎవరైనా అమ్మాయి వచ్చి ఫలానా వ్యక్తితో ఇబ్బందిగా ఉందంటే 'సర్దుకుపో' అనకండి, మీరే పంచాయితీ చేయకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే. ఫిర్యాదు మామూలుగా సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి, కాబట్టి 'చూద్దాంలే' అని మీరు నాన్చితే నష్టం ఆమెకే. కమిటీ వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. మీ ఆఫీసులో ఏ గోడ మీద ఉన్నాయో ఓసారి లేచి వెతకండి. మా దగ్గర ప్రింటర్ వెనకాల దొరికాయి, ముందుకు మార్పించడానికి నాకు మూడు మెయిళ్లు పట్టాయి.