తాగాలనిపించినప్పుడు ఆ కోరికను గమనిస్తూ దాటడం ఎలా?

ముందుగా ఒక జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు డాక్టర్‌ని కలవకుండా ఒక్కసారిగా మానేయకూడదు. చేతులు వణకడం, చెమటలతో మొదలై కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి తప్పి కలవరిస్తారు. ప్రాణం మీదకు కూడా రావచ్చు. ఆ మొదటి రోజులు వైద్యుల కనుసన్నల్లో గడిచాకే ఈ సాధన మొదలుపెట్టండి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులు వాడుతుంటే మానొద్దు, ఇది వాటికి తోడు మాత్రమే.

కోరిక లేని వేళల్లోనే సాధన మొదలవ్వాలి. వరద వచ్చిన రోజు ఈత నేర్చుకోలేం కదా. రోజూ పది నిమిషాలు కూర్చుని ఊపిరిని గమనించండి. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలియగానే, తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. కళ్లు మూసుకుంటే టెన్షన్ పెరిగేవాళ్లు కళ్లు తెరిచే ఉంచి, నేలకు ఆనిన పాదాల మీద ధ్యాస పెట్టవచ్చు.

ఏ వేళకు, ఎవరితో ఉన్నప్పుడు, ఏ గొడవ తర్వాత తాగాలనిపిస్తోందో ఒక వారం రాసుకోండి.

ఇక అసలు ఘట్టం. కోరిక రాగానే చాలామంది దాంతో కుస్తీ పడతారు, లేదా లొంగిపోతారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ సైకాలజిస్ట్ ఆలన్ మార్లాట్ దాన్ని అలతో పోల్చారు. లేస్తుంది, తారస్థాయికి చేరుతుంది, విరుగుతుంది. మీ పని దాని మీద తేలుతూ ఉండటమే.

సాయంత్రం ఏడయింది, చెయ్యి ఫోన్ వైపు వెళ్తోంది, కలిసి తాగే స్నేహితుడికి చేయాలని. అక్కడే ఆగండి. కోరిక ఒంట్లో ఎక్కడుందో వెతకండి. గొంతు ఎండుతోందా? దవడ బిగుసుకుందా? పొట్టలో ఏదో లాగుతోందా? ఒక్కచోటు ఎంచుకుని, అది పెరుగుతోందో తగ్గుతోందో చూస్తూ ఊపిరి తీసుకోండి. "ఒక్క పెగ్గే" అన్న ఆలోచన వస్తే "ఇదొక ఆలోచన" అని మనసులో అనుకుని వదిలేయండి. ఆ తర్వాత ధ్యాసను ఒళ్లంతా పరచండి, గదిలో చప్పుళ్లు వినండి. అప్పుడు అడుగు వేయండి: బయటికి నడవడం, అన్నం తినడం, మీ మేలు కోరే మనిషికి ఫోన్ చేయడం. చాలాసార్లు అరగంటలోపే అల తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ మొదలుపెట్టండి, లేదా ఆ చోటు వదిలి వెళ్లిపోండి. సీసా ఎదురుగా పెట్టుకుని నిగ్రహాన్ని పరీక్షించుకోవడం మాత్రం వద్దు.

మార్లాట్ బృందం దీన్ని ఎనిమిది వారాల గ్రూప్ శిక్షణగా మలిచింది. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, మద్యం, డ్రగ్స్ వ్యసనాలకు తొలి చికిత్స ముగించిన 286 మందిని మూడు పద్ధతుల్లో పెట్టి చూశారు. ఏడాది తర్వాత చూస్తే, విపరీతంగా తాగడం మిగతా రెండు గ్రూపులకన్నా ఈ శిక్షణ పొందినవాళ్లలోనే తక్కువగా కనిపించింది. అందుకే ఒంటరిగా కన్నా, వీలైతే ఇది తెలిసిన కౌన్సెలర్ దగ్గర నేర్చుకోమంటాను.

మధ్యలో ఎప్పుడైనా తాగేస్తే? "ఎలాగూ తప్పాను, ఇక ఎంతయితే ఏం" అనిపిస్తుంది. ఒక్క గ్లాసును వారం రోజుల తాగుడుగా మార్చేది ఆ మాటే. దాన్నీ ఒక ఆలోచనగానే గుర్తించండి. చేతిలోది కింద పెట్టి, జరిగింది దాచకుండా కౌన్సెలర్‌కి అప్పుడే ఫోన్ చేయండి.