డిమ్మర్ తగ్గిస్తే గోడ మీద చారలు

వీడియో తీస్తుంటే వెనక గోడ మీద సన్నటి నల్లచారలు మెల్లగా పైకి పాకుతున్నాయి. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పట్టే సమయం, ఇక్కడ సెకనులో 48వ వంతు), 50 హెర్ట్జ్ కరెంటు. ముందు షట్టర్‌నే అనుమానించి 172.8 డిగ్రీలకు, అంటే సెకనులో 50వ వంతుకు తెచ్చాను. ఈ కరెంటు మీద లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడితే చారలుండవు. అయినా పోలేదు.

ఒక్కో లైటూ ఆర్పుతూ పోతే దొరికింది: మూలనున్న ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంపు, డిమ్మర్ 20 శాతంలో. చాలా ఎల్‌ఈడీ డిమ్మర్లు వెలుగును నిజంగా తగ్గించవు, లైటును గబగబా ఆర్పి వెలిగిస్తాయి. ఆ వేగానికీ కరెంటు హెర్ట్జ్‌కీ సాధారణంగా సంబంధం ఉండదు. కెమెరా సెన్సర్ బొమ్మను వరసవరసగా చదువుతుంది కనుక ఆరిన క్షణాలు చారలుగా పడతాయి.

డిమ్మర్ 100కి పెంచి, షేడ్ లోపల 0.6 ఎన్‌డీ జెల్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే పల్చటి షీటు) చుట్టాను. వెలుగు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు తగ్గింది, చారలు మాయం.

పరీక్ష తేలికే: షట్టర్ కాసేపు సెకనులో 1000వ వంతుకు పెడితే దాక్కున్న మినుకు బయటపడుతుంది. మామూలు కరెంటు మినుకూ అక్కడ కనిపిస్తుంది, కంగారొద్దు. అసలు షట్టర్‌కు తిరిగొచ్చాక కూడా మిగిలిందే దోషి. చిన్న మానిటర్‌ని నమ్మకుండా గోడను జూమ్ చేసి చూడాలి.